తొమ్మిదో మైలు లాకు

సుంకేసుల కింద, కేసీ కాలువ మీద
తొమ్మిదో మైలు లాకు లస్కరును నేను, మద్దిలేటిని.
పొద్దున ఆరుకు గేజి పలక చూసి
మూడడుగుల నాలుగంగుళాలని
ఏఈ సారుకు ఫోన్లో చెప్పేది నా కొలువు.
ఇరవై ఏండ్లు నీళ్ళ మట్టం చదివినోన్ని,
నా కూతురి మట్టాలు మాత్రం
ఎవురో విప్పి చెప్తే గానీ తెల్వలేదు.

దాని పేరు ఉరుకుందమ్మ. ఈరన్నసామి మొక్కు.
పేర్లోనే ఉరుకుంది, నేర్పే పని లేకపాయ.
నాలుగేండ్లప్పుడు నడుముకు బెండ్లు కట్టి
షట్టరుకు ఎగువన, సుడి లేని జాగాలో దించినా.
ఆరేండ్లకు బెండ్లు విప్పి
గొర్లకాపరి కొడుక్కి ఇచ్చేసింది.

మండల పోటీ అన్నాడు పీఈటీ సారు.
"ఈత ఎవురికి వస్చాది?" అని అడిగితే
బడి మొత్తంలో లేసింది ఒకటే చెయ్యి.
అయిపాయ పోటీ.
ఒంటికి నీళ్ళు తగలకుండానే ఫస్టు.
సర్టిఫికెట్టు మీద 'ఉరుకుందప్ప' అని రాసినారు.
దాన్నే లామినేషను చేపించినాం.

డివిజను పోటీ ఒక తోటలో, దిగుడుబాయిలో.
నలుగురు ఆడపిల్లలు, అడ్డంగా ఒక చేంతాడు.
విజిలు మర్చిపోయి వచ్చినారు, చప్పట్లే.
ఇద్దరు నడిమధ్యలో మెట్లు పట్టుకున్యారు.

జిల్లా అంటే కర్నూలు.
ఆడ నీళ్ళు నీలంగా ఉండాయి, కదలవు.
అడుగున నల్లగీతలు, ఎవురి గీత వాళ్ళది,
పక్క గీతలోకి పోతే తప్పంట.
మా కాలువలో గట్టుకూ గట్టుకూ నడుమ అంతా ఒకటే గీత.
ముందు హీట్సు అన్నారు,
నీళ్ళు కాగబెడతారేమో అనుకున్యా.
పాతిక మీటర్లు పోయి, గోడ తాకి, తిరిగి రావాల.
కాలువకు గోడ యాడుంది?
నా బిడ్డ పుట్టినకాడి నుంచి నీళ్ళు పోయే దిక్కుకే పోయింది,
తిరిగొచ్చేది గట్టు మీద, తడి పాదాలతో.
గోడ కాడ ఆగింది. వెనక్కి చూసింది.
ఆ చూపు ఖరీదు రెండు సెకండ్లు.
అయినా మూడో పేరు దానిదే చదివినారు.

బస్టాండు కాడ ఉగ్గాని తింటా సారు చెప్పినాడు:
"మండలంలో మనిషుంటే చాలు మద్దిలేటీ.
జిల్లాలో పక్కోళ్ళను దాటాల.
రాష్ట్రానికి పక్కోళ్ళు లెక్కలో లేరు, టైము రావాల.
ముప్పై ఎనిమిది లోపల.
ఆ పైన సౌతు జోను, ఆ పైన నేషనలు.
పైకి పోయేకొద్దీ సెకండును సన్నగా తరుగుతారు."

నాకు నా లెక్కలో అర్థమాయ.
సుంకేసుల నుంచి మెయిను, మెయిను నుంచి మేజరు,
మేజరు నుంచి పిల్లకాలువ, ఆడి నుంచి మడి.
నీళ్ళు దిగొచ్చే దారినే ఇది ఎదురెక్కాల.
తూము తూముకూ ఒక లస్కరు ఉంటాడు,
తాళంచెవికి బదులు గడియారం పట్టుకోని.
వాడు చెడ్డోడేం కాదు.
నేనూ అంతే గదా,
కింది రైతు అర్ధరాత్రి వచ్చి కాళ్ళు పట్టుకున్యా
ఆర్డరు లేంది పలక ఎత్తినోన్ని కాదు.

వంతు బందీ వారం షట్టరు దించితే
లాకు గోడల నడుమ నీళ్ళు నిలబడ్తాయి,
స్టేడియం నీళ్ళ మాదిరి, రంగొకటే తక్కువ.
ఇరవై ఐదు మీటర్లు టేపుతో కొలిచి
రాతిగోడకు సున్నంతో గీత కొట్టినా.
పోతాది, తాకుతాది, మునిగి తిరుక్కుంటాది.
పాకురుకు కాలు జారి మోచెయ్యి గీరుకుంది.
నా పాత ఫోన్లో ముప్పై తొమ్మిది, పక్కన ఇంకేవో అంకెలు.

"నాయనా, నేషనలు పైన ఏముంది?"
"సుంకేసుల పైన ఏముంది?"
"తుంగభద్ర."
"దాని పైన?"
తల పిండుకుంటా రొంతసేపు ఆలోచించింది.
"యాడో వాన," అని
మళ్ళా దిగింది.

పొద్దున ఏఈ సారు ఫోను చేస్తాడు.
గేజి ఎంత అంటే
ముప్పై తొమ్మిది అని నోరు జారకూడదు.